నాన్న మారుతి 800 ఎరుపు వెలిసిపోయింది, మళ్లీ వస్తుందా?

ప్రొద్దుటూరు_800:
అన్నా, మాది 2003 మోడల్ మారుతి 800, ఎరుపు. నాన్న ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీకి ఏళ్ల తరబడి దీంట్లోనే తిరిగాడు. బండి పగలంతా ఎండలోనే ఉండేది. ఇప్పుడు టాపు, బానెట్ గులాబీ రంగుకు తిరిగాయి. వేలితో రుద్దితే సుద్దలాగా ఎర్రపొడి అంటుతోంది. డోరు తెరిస్తే లోపలి అంచున మాత్రం కొన్ననాటి ఎరుపు అట్లే ఉంది. అది చూసినప్పుడల్లా మనసు ఆగదు. పోయినేడు ఒక షెడ్డులో మిషన్ పాలిష్ అని చెప్పి బానెట్ అంచున రంగే లేపేశారు, రంగు కింద వేసే ప్రైమర్ పూత బయటపడింది. ఫుల్ పెయింటింగ్ చేయిద్దామంటే, కంపెనీ రంగు పోతుందని నాన్న ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

పెయింటర్_కడప:
మీ నాన్న మాటే కరెక్టు తమ్ముడూ. ఎర్రపొడి అంటిందంటే దాని మీద క్లియర్ కోటు, అంటే రంగు పైన వేసే రంగులేని మెరుపు పొర, లేదు. ఎండకు పైపొర చచ్చింది, కింద రంగు బతికే ఉంది. అదే క్లియర్ కోటు బండి అయ్యుంటే గుడ్డకు రంగు అంటదు. అది పొలుసులు లేచిందంటే పాలిష్‌తో కాదు, ఆ ప్యానెల్‌కు మళ్లీ రంగు కొట్టాల్సిందే.

మొత్తం రంగు మందం ఒక వెంట్రుకంత, అంచుల్లో ఇంకా పలచన. మీ బానెట్ పోయింది అక్కడే. అంచులన్నిటికీ మాస్కింగ్ టేపు వేసి, చేత్తోనే చెయ్యి.

ముందు దుమ్ము సంగతి. సిమెంటు దుమ్ములో సున్నం ఉంటుంది, రాత్రి మంచుకు తడిసి గట్టిపడుతుంది. పొడిగుడ్డతో తుడిచావో, గీతలే. బాగా నీళ్లు కొట్టి, షాంపూతో కడుగు. అప్పటికీ పోని మచ్చ మీద, వెనిగర్‌కు సమానంగా నీళ్లు కలిపి ముంచిన గుడ్డను నీడలో ఐదు నిమిషాలు పరిచి కడిగెయ్. తర్వాత క్లే బార్ (అతుక్కున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద). ఆపైన సన్న కాంపౌండ్ (రుద్ది మెరుపు తెచ్చే పేస్టు), అరచేతి వెడల్పు చోటు చొప్పున. మెరుపు రాగానే ఆపు, ఇంకొంచెం అని ఆశపడొద్దు. అదేరోజు వ్యాక్స్ పట్టించు.

ప్రైమర్ తేలిన చోటికి టచప్ చాలు. రంగు కలిపించడానికి పెట్రోల్ ట్యాంక్ బయటి మూత విప్పి, దాన్నీ పాలిష్ చేసి తీసుకెళ్లు. వెలిసిన మూత చూపిస్తే వెలిసిన రంగే కలుపుతారు.

అనంతపురం_బోరునీళ్లు:
కడిగాక ఎండలో ఆరనివ్వొద్దు బ్రదర్. మా బోరు నీళ్ల తెల్లమచ్చలు నా బండి అద్దాల మీద ఇప్పటికీ పోలేదు. దుమ్ము బండికి కవర్ కూడా వేయొద్దు, గాలికి కవర్ కొట్టుకుని గరుకు కాగితంలా రుద్దుతుంది.

ప్రొద్దుటూరు_800:
ఆదివారం పొద్దున బానెట్ మధ్యలో టేపు వేసి ఒక సగం చేశాను. పాత బనియన్లు మూడు ఎర్రబారాయి. టేపు తీస్తే ఇటు గులాబీ, అటు ఎరుపు! నాన్న వచ్చి డోరు తెరిచి, లోపలి అంచునూ బానెట్‌నూ మార్చి మార్చి చూశాడు. లోపలికెళ్లి ఇంకో రెండు బనియన్లు తెచ్చిచ్చాడు. అన్నా, వ్యాక్స్ ఎన్నాళ్లకోసారి?

పెయింటర్_కడప:
మన ఎండలకు మూడు నెలలు. నీళ్లు చల్లితే ముత్యాల్లా నిలవాలి. పరుచుకుపోతే ఇంకా ముందే పట్టించు.