ఐదేళ్ల వయసు గ్రూపులు, ఏడాది స్టెప్: పిల్లలు మరీ త్వరగా పెద్దవుతున్నారు

కోరమంగళ_కోడర్:
బెంగళూరు అర్బన్ జిల్లాకి పైథాన్‌లో జనాభా సిమ్యులేషన్ రాస్తున్నాను. మొదలు 2011 సెన్సస్, 96,21,551 మంది. 0–4 నుంచి 85+ దాకా 18 గ్రూపులు, ఆడ మగ వేరు. ఏటా ఒక్కో గ్రూపులో ఐదో వంతుని పై గ్రూపుకి జరుపుతున్నాను. జననాలు, మరణాలు, వలసలు ఆపేసి 0–4లో మాత్రమే లక్ష మందిని పెట్టి నడిపితే రెండేళ్లకే 10–14లో 4,000 మంది తేలారు! ఎక్కడ తేడా కొడుతోంది?

లెక్కల_పిచ్చి:
కోడ్ బాగానే ఉందండీ, ఆ ఐదో వంతుతోనే తంటా. గ్రూపులో ఎవరు ఎన్నాళ్లుగా ఉన్నారో మోడల్‌కి తెలీదు. నిన్న పుట్టినవాడికీ రేపు ఐదు నిండేవాడికీ ఒకటే ఛాన్స్. సగటు ఐదేళ్లే వస్తుంది గానీ, ఐదేళ్లయ్యాక కూడా 0.8ని ఐదుసార్లు గుణిస్తే వచ్చే 33 శాతం మంది 0–4లోనే ఉండిపోతారు. వయసుల పిరమిడ్‌లో ఉబ్బు ఎక్కడున్నా క్రమంగా చదునైపోతుంది.

స్టెప్ కూడా ఐదేళ్లు చేసి గ్రూపు మొత్తాన్ని ఒకేసారి జరపండి. బతికి పై గ్రూపుకి చేరేవాళ్ల నిష్పత్తి అంటే, లైఫ్ టేబుల్లో (ఏ వయసు దాకా ఎంతమంది బతుకుతారో చూపే పట్టిక) పై గ్రూపు ఎల్ విలువని (ఆ వయసుల్లో అందరూ కలిపి బతికే ఏళ్లు) ఈ గ్రూపు ఎల్‌తో భాగించడమే. 80–84నీ 85+నీ మాత్రం కలిపి, 85 దగ్గరి టీని (ఆ వయసు నుంచి చివరిదాకా అందరూ కలిపి బతికే ఏళ్లు) 80 దగ్గరి టీతో భాగించిన నిష్పత్తి వాడాలి. ఏటేటా అంకెలు కావాలంటే 0 నుంచి 100 దాకా ఒక్కో ఏడు విడిగా పెట్టండి. 101 × 2 అర్రే, ల్యాప్‌టాప్‌కి అదో లెక్కా?

జయనగర్_డేటా:
ఒక్కో ఏడు అంటే సెన్సస్ సీ-13 టేబుల్ చూస్తారు. అందులో 30, 35, 40 దగ్గర గుట్టలుంటాయి, వయసు అడిగితే మనవాళ్లు రౌండ్ చేసి చెప్తారు కదా. అలాగే ఎక్కిస్తే 30 దగ్గరి గుట్ట పదేళ్లకి 40కి నడిచొస్తుంది. ఐదేళ్లకి కూడేసి, స్ప్రేగ్ గుణకాలతో (గ్రూపు మొత్తాన్ని ఒక్కో ఏడుకి నునుపుగా పంచేవి) మళ్లీ విడగొట్టండి.

జననాలకి 15–49 ఆడవాళ్ల సంఖ్య ఏడాది మొదలు, చివరల సగటు తీసుకోండి. మగ-ఆడ నిష్పత్తికి పుస్తకాల్లోని 105:100 వద్దు, ఎస్‌ఆర్‌ఎస్‌లో (జనన మరణాలపై ప్రభుత్వ నమూనా సర్వే) కర్ణాటక అంకె ఉంటుంది. పుట్టినవాళ్లకీ ఆ ఏడు మరణాల రేటు వేయాలి, చాలామంది వదిలేసేది ఇక్కడే.

ఇక వలస. మన ఊరికి వచ్చేవాళ్లలో ఇరవైల్లో, ముప్పైల మొదట్లో ఉన్నవాళ్లే ఎక్కువ. అన్ని వయసులకీ ఒకే శాతం పెడితే బడి పిల్లల లెక్క పాడవుతుంది. సగం మందిని స్టెప్ మొదట్లో, సగం మందిని చివర్లో కలపండి. అందర్నీ చివర్లో కలిపితే ఆ ఏడు వాళ్ల కాన్పులు లెక్కలోకి రావు.

కోరమంగళ_కోడర్:
ఒక్కో ఏడుకి మార్చాను, లక్ష మందీ కుదురుగా కదులుతున్నారు. కానీ వందేళ్లు నడిపితే మొత్తం తగ్గుతోంది. మరణాలు ఇంకా ఆఫ్‌లోనే ఉన్నాయి.

లెక్కల_పిచ్చి:
100వ గడిలోకి 99 వాళ్లని కలపకుండా, పాతవాళ్ల మీద రాసేస్తున్నట్టున్నారు. ఈక్వల్ గుర్తు బదులు ప్లస్-ఈక్వల్ పెట్టి చూడండి.