కాలేజీ క్యాంపస్‌లో సేంద్రియ తోట: మీరు చేసిన తప్పులు చెప్పండి

మొలక
మా హాస్టల్ వెనకాల ఏమీ వేయకుండా వదిలేసిన జాగా ఉంది, దాదాపు 60 చదరపు మీటర్లు. కూరగాయల తోట వేద్దామని పన్నెండు మందిమి అనుకున్నాం. రసాయన ఎరువులు, పురుగుమందులు వాడం. కాలేజీ వాళ్లు నోటిమాటగా సరే అన్నారు. వచ్చే వారమే తవ్వకం. ఎవరైనా ఇదివరకు చేసి ఉంటే ఎక్కడ దెబ్బ తిన్నారో చెప్పండి. శభాష్ అనేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు.

పాత_బ్యాచ్
గునపం పక్కన పెట్టి ముందు కాలేజీ క్యాలెండర్ తీయండి. మా తోట పురుగుల వల్ల పోలేదు, సెలవుల వల్ల పోయింది. టమాటా నారు నాటాక మొదటి కాయ పండటానికి రకాన్ని బట్టి 60 నుంచి 80 రోజులు పడుతుంది. మేం సెమిస్టర్ మొదలై నెల దాటాక నాటాం. కాయలు పట్టే సమయానికి పరీక్షలు, పండే సమయానికి సెలవులు. తిరిగొచ్చేసరికి కర్రలకు కట్టిన తాళ్లు మాత్రం మిగిలాయి.

రెండోసారి వెనక్కి లెక్కేశాం. సెలవులకు రెండు వారాల ముందే ఆఖరి కోత అయిపోవాలి, ఆ తేదీ నుంచి వెనక్కి వస్తే విత్తే రోజు తెలుస్తుంది. ముల్లంగి 25–30 రోజుల్లో వచ్చేస్తుంది. పాలకూర 40–45. పొద బీన్స్‌కి 50–60. మొదటి సెమిస్టర్‌కి ఇవి చాలు. టమాటా, వంకాయ మీద అంత మోజుంటే నారు వేరే ట్రేల్లో ముందే పెంచుకోండి.

మట్టి_పరీక్ష
హాస్టల్ వెనకాల అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఆ భవనం ఎప్పటిది? కట్టడం అయ్యాక మిగిలిన సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు పక్కనే పూడ్చేసి పైన కాస్త మట్టి కప్పడం మామూలే. అలాంటి చోట పీహెచ్ (మట్టిలో ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దాటిపోతుంది. ఇనుము మట్టిలో ఉన్నా మొక్కకి అందదు, లేత ఆకులు ఈనెలు తప్ప పసుపెక్కిపోతాయి. చాలా కూరగాయలకి 6 నుంచి 7 మధ్య ఉంటే హాయి.

అంతకంటే ముఖ్యం సీసం. పాత పెయింటు పెచ్చులు రాలి గోడ పక్క మట్టిలో కలిసి ఉండొచ్చు. ఆకుకూరలకి, దుంపలకి ఆ మట్టి అంటుకుని నోట్లోకి పోతుంది. పీహెచ్ కిట్‌తో సీసం తెలియదు, ల్యాబ్‌కి పంపేటప్పుడు ఆ పరీక్ష విడిగా అడగాలి. అనుమానం ఉంటే గోడకి దూరంగా జరగండి, లేదా బయటి నుంచి తెచ్చిన మట్టితో ఎత్తు మడులు కట్టండి. ఊరికే వస్తున్నాయి కదా అని పాత రైల్వే స్లీపర్ చెక్కలు మాత్రం అంచులకి పెట్టకండి, వాటికి క్రియోసోట్ (చెక్క చెడకుండా పట్టించే విషపు తారు నూనె) పట్టించి ఉంటుంది.

మొలక
ఇప్పుడే వెళ్లి నాలుగు చోట్ల గునపం వేసి చూశాం. మూడు చోట్ల జానెడు కూడా దిగలేదు. ఒకచోట టైల్స్ ముక్కలు. 😐

క్యాన్_మోసినవాడు
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. వారానికి 25 మి.మీ. నీళ్లు కావాలని సాధారణంగా వేసుకునే లెక్క. అంటే చదరపు మీటరుకి 25 లీటర్లు. మీ 60 చదరపు మీటర్లూ మడులే అనుకుంటే వారానికి 1,500 లీటర్లు. పది లీటర్ల క్యాన్‌తో 150 సార్లు! ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. మా కుళాయి తోటకి ఎనభై అడుగుల దూరంలో ఉండేది. మొదటి వారం పదిహేను మంది వచ్చారు, నాలుగో వారానికి నేనూ నా రూమ్మేటూ మిగిలాం.

అందుకే మూడు మడులతో మొదలుపెట్టండి. వెడల్పు 1.2 మీటర్లు మించకూడదు, రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి, మడిలో కాలు పెట్టే పని ఉండకూడదు. పైన ఎండుటాకులు మందంగా పరిస్తే నీళ్ల పని బాగా తగ్గుతుంది.

ఎండుటాకు
ఆకులనగానే గుర్తొచ్చింది. క్యాంపస్‌లో తోటకి దొరికే పెద్ద ఆస్తి రాలిన ఆకులు. ఊడ్చేవాళ్లని అడిగితే తెచ్చి పోస్తారు, వాళ్లకీ దూరం మోసే పని తప్పుతుంది. కంపోస్టు కుప్ప కనీసం మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటేనే వేడెక్కుతుంది. పచ్చి వ్యర్థం ఒక బుట్టకి ఎండుటాకులు రెండు మూడు బుట్టలు. లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే, మధ్యలో తిరగేస్తూ ఉంటే, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. ఘాటుగా అమ్మోనియా వాసనొస్తే పచ్చిది ఎక్కువైంది, కుళ్లిన గుడ్డు వాసనొస్తే గాలి ఆడట్లేదు. మెస్ నుంచి కూరగాయల తొక్కలు తీసుకోండి. వండినవి వద్దు, ఎలుకలు వచ్చాయంటే తోట మూయించేస్తారు.

మేం చేసిన తప్పు ఇంకొకటి ఉంది. లాన్ కోసిన గడ్డి బస్తాలకొద్దీ తెచ్చి కుప్పలో వేశాం. ఆ లాన్‌కి కలుపుమందు కొడతారని ఎవరికీ తట్టలేదు. క్లోపైరలిడ్, అమినోపైరలిడ్ లాంటి కలుపుమందులు కంపోస్టులో కూడా చాలాకాలం నిలిచి ఉంటాయి. బీన్స్ ఆకులు మొత్తం గిన్నెల్లా ముడుచుకుపోయాయి. మేమేమో వైరస్ అనుకుని నెల పోగొట్టుకున్నాం. ఇప్పుడైతే కొత్త కంపోస్టు, ఎరువు ఏదొచ్చినా ముందు కొంత కుండీలో మట్టితో కలిపి నాలుగు బీన్స్ గింజలు వేస్తాం. రెండు మూడు వారాల్లో ఆకులు మామూలుగా వస్తేనే మడిలోకి.

బోర్డు_వద్దు
"సేంద్రియ తోట" అని బోర్డు పెట్టి పంట అమ్మాలనుకుంటే ముందు నిబంధనలు చూసుకోండి. ఉదాహరణకి అమెరికా ప్రమాణాల్లో, నిషిద్ధ పదార్థాలు చివరిసారి పడ్డాక 36 నెలలు గడిస్తేనే ఆ నేల పంటని ఆ పేరుతో అమ్మొచ్చు. చివకని పశువుల ఎరువు వేస్తే, మట్టి తగిలే కూరగాయలకి కోతకి 120 రోజుల ముందు, మిగతావాటికి 90 రోజుల ముందు వేయాలి. అమ్మకపోయినా ఈ 120 రోజుల లెక్క పాటించడం మంచిది, పచ్చిగా తినే ఆకులున్నాయి కదా.

మట్టి_పరీక్ష
@బోర్డు_వద్దు 120 రోజులంటే ఒక సెమిస్టర్ మొత్తం. విద్యార్థుల తోటకి చివికిన ఎరువు తప్ప దారి లేదన్నమాట.

ఐదో_చెయ్యి
పురుగుల గురించి ఒక్క ముక్క. పేనుబంక పట్టిన ఆకుల మీద నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా పాకేవి కనిపిస్తే చంపకండి. అవి అక్షింతల పురుగు పిల్లలు, పేనుబంకని తినేవి అవే. మా వాళ్లు ఒక ఆదివారం కూర్చుని అన్నింటినీ ఏరి సబ్బు నీళ్లలో పడేశారు, ఫొటోలు కూడా దిగారు. తర్వాతి వారం పేనుబంక ఎలా పెరిగిందో వేరే చెప్పాలా?

పాత_బ్యాచ్
నోటిమాట అనుమతి అన్నారు, అది కాగితం మీద తీసుకోండి. మా రెండో ఏడాది మడుల మధ్యలోంచి పైపు లైను తవ్వేశారు. అడిగితే అక్కడ తోట ఉన్నట్టు ఎక్కడా రాసి లేదన్నారు, అదీ నిజమే. స్థలం హద్దులు, కుళాయి, సెలవుల్లో బాధ్యత ఎవరిది, వదిలేస్తే నేల ఎలా అప్పజెప్పాలి, అన్నీ ఒక పేజీలో రాసి సంతకం పెట్టించండి.

విద్యార్థులు మారిపోతారు, మారని మనిషి ఒకరు కావాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా క్రూజ్ క్యాంపస్‌లో 1967లో అలాన్ చాడ్విక్ అనే ఇంగ్లండ్ తోటపని నిపుణుడు విద్యార్థులతో కలిసి ఏటవాలు నేలలో, చేతి పనిముట్లతో తోట మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఉంది. అక్కడ తోటని చూసుకోవడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లున్నారు. మనకి అంత లేకపోయినా క్యాంపస్ తోటమాలిని మొదటి రోజే కలవండి. మేం మూడో నెలలో కలిశాం, అప్పటికి ఆయనకి మా మీద కోపం వచ్చేసింది, మా గొట్టం ఆయన దారికి అడ్డంగా పడి ఉండేది మరి.

మొలక
అందరికీ థాంక్స్. తవ్వకం వాయిదా వేశాం. ఇవాళ తోటమాలిని కలిశాం. మేం చూసిన జాగా చూపించగానే నవ్వి, "పాత స్నానాల గదులు కూలగొట్టి అక్కడే పూడ్చారు" అన్నారు. టైల్స్ ఎక్కడివో తెలిసింది. నర్సరీ షెడ్డు పక్కన చిన్న ముక్క చూపించారు, 20 చదరపు మీటర్లు ఉంటుందేమో, కుళాయి పది అడుగుల్లోనే. కానీ తూర్పున పెద్ద చెట్టుంది. ఉదయం తొమ్మిది దాకా నీడే.

క్యాన్_మోసినవాడు
తొమ్మిది తర్వాత సాయంత్రం దాకా ఎండ తగిలితే చాలు, కూరగాయలకి ఆరు నుంచి ఎనిమిది గంటలు కావాలి. ఒకరోజు రెండు గంటలకోసారి ఒకే చోట నిలబడి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. చెట్టు వేర్లు మడిలోకి వస్తాయి, దానికి వీలైనంత అవతలి అంచున మొదలుపెట్టండి. కుళాయి పది అడుగులంటే మాత్రం ఇంకేం ఆలోచించకుండా తీసేసుకోండి.