‘ఎ చైనీస్ ఘోస్ట్ స్టోరీ’లో నవ్వు ప్రేమకు అడ్డమా, ఆసరానా?

ప్రశ్న: పశ్చిమ మాంబళం, చెన్నై

అందరికీ నమస్కారం. 1987 నాటి హాంకాంగ్ సినిమా ‘ఎ చైనీస్ ఘోస్ట్ స్టోరీ’ని పోయిన ఆదివారం మా అమ్మమ్మతో కలిసి, సబ్‌టైటిళ్లను ఆమెకు తెలుగులో చెబుతూ చూశాను. బాకీల వసూలుకు వచ్చిన ఒక అమాయకుడు చేతిలో కాసు లేక పాడుబడ్డ గుడిలో తలదాచుకుని, అక్కడ తిరిగే దయ్యపు పిల్లను ప్రేమిస్తాడు. వానకు ఖాతా పుస్తకంలోని సిరా అంతా కారిపోయి, ఎవరు ఎంత ఇవ్వాలో చూపించలేక అతను నిలబడిపోయిన చోట అమ్మమ్మ పకపకా నవ్వింది. ఇంతగా నవ్వించాక ఆ ప్రేమను ఎలా నమ్మమంటారని మా తమ్ముడు వాదిస్తున్నాడు. నాకు మాత్రం ఆ నవ్వు వల్లనే ప్రేమ నమ్మదగినదిగా అనిపించింది. మీరేమంటారు? దీన్ని హాంకాంగ్‌లో మాట్లాడే కాంటొనీస్‌లోనే చూడాలా, చైనా అధికార భాష మాండరిన్ డబ్బింగ్‌లో చూసినా ఫరవాలేదా?

జవాబు: అన్నానగర్

నేను మీ పక్షమేనండీ. నీళ్ల తొట్టి సన్నివేశాన్ని ఇంకొకసారి చూడండి. మనిషి వాసన పసిగట్టిన దయ్యాలు గదిలోకి వస్తుండగా ఆమె అతణ్ని తొట్టిలోకి తోసేస్తుంది, అతను ఊపిరాడక పైకి లేవబోయిన ప్రతిసారీ తల పట్టి నీళ్లలోకి అదుముతుంది, చివరికి తానే నీళ్లలో మునిగి ముద్దుతో అతనికి ఊపిరి అందిస్తుంది. ఆ కాసేపట్లోనే మనకు భయమూ నవ్వూ వేస్తాయి, మగవాళ్లను వలలో వేసి చెట్టు రాక్షసికి బలి ఇవ్వవలసిన పిల్ల ఇతణ్ని కాపాడాలని నిశ్చయించుకున్నదని కూడా తెలిసిపోతుంది. కథానాయకుడు లెస్లీ చెంగ్ ఆ అమాయకుడి పాత్రను వెకిలిగా కాకుండా లోకం తెలియనివాడిగా నటించాడు కాబట్టే, ఎందరినో మోసగించిన ఆమె ఇతని దగ్గర ఓడిపోవడం సహజంగా ఉంటుంది. మూలకథ చైనా రచయిత పూ సోంగ్‌లింగ్ (1640–1715) రాసినది. దర్శకుడు చింగ్ సియు-తుంగ్, నిర్మాత త్సుయ్ హార్క్ దానికి ఈ అల్లరిని జోడించారు.

జవాబు: కోడంబాక్కం

డబ్బింగ్ థియేటర్లలో చాలాకాలం పనిచేసినవాడిని కాబట్టి రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను. కాంటొనీస్‌లోనే చూడండి. అయితే అందులో నటుల సొంత గొంతులే ఉంటాయని అనుకోకండి. ఆ రోజుల్లో హాంకాంగ్ సినిమాలలో చాలావాటికి చిత్రీకరణ అయ్యాకే మాటలు చేర్చేవారు, పైగా కథానాయిక జోయీ వాంగ్ తైవాన్ అమ్మాయి, కాంటొనీస్ ఆమె సొంత భాష కాదు. మన కథానాయికలలో ఎందరికో వేరొకరు గొంతు ఇచ్చినట్టే అక్కడా జరిగేది. అయినా కాంటొనీస్‌కు ఆరు స్వరస్థాయిలు (పలికే ఎత్తును బట్టి మాట అర్థమే మారిపోతుంది) ఉండడం వల్ల, కంగారులో కథానాయకుడు మాటను పైకెత్తి కిందికి దించే తీరులోనే సగం హాస్యం ఉంది, అది భాష మారితే నిలవడం కష్టం. జేమ్స్ వాంగ్ స్వరపరచగా లెస్లీ చెంగ్ స్వయంగా పాడిన టైటిల్ పాటను కూడా కాంటొనీస్‌లోనే వినండి.

జవాబు: పెరంబూరు

మీ తమ్ముడి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. అందరూ పాతాళానికి వెళ్లి నల్లకొండ రాక్షసుడితో పోరాడే ఘట్టం నాకు అతకలేదు. అప్పటిదాకా కథను మోసిన ఆ అమాయకుడు అక్కడ కత్తుల మధ్య కేవలం ప్రేక్షకుడిగా మిగిలిపోతాడు, నవ్వూ ఆగిపోతుంది. 1990లో వచ్చిన రెండో భాగంలోనూ ఇదే జంట ఉంది కాబట్టి, నచ్చితే అదీ చూడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పాతాళం గురించి మీరన్నది నిజమే, అక్కడ అమ్మమ్మకు కునుకు పట్టింది. కానీ తెల్లవారే వేళకు ఆమె మళ్లీ లేచి కూర్చున్నది. ఎండ తగిలితే ఆ దయ్యపు పిల్ల నశించిపోతుందని అతను వెలుగు లోపలికి రాకుండా ఒళ్లంతా ఆనించి అడ్డుకుంటాడు. ఆ కారణంగానే వెనక్కి తిరిగి ఆమె ముఖాన్ని చివరిసారి చూడలేకపోతాడు. ఆ తర్వాత ఆమె అస్థికలు సొంత ఊరు చేరితేనే ఆమెకు మరో జన్మ అని నేను చెప్పబోతుంటే, అమ్మమ్మ నన్ను ఆపి, ‘అది నువ్వు చెప్పాలా, అస్థికల కుండ చూడగానే తెలిసింది’ అన్నది. తాతగారి అస్థికలను రాజమండ్రి తీసుకువెళ్లి గోదావరిలో కలిపిన మనిషి ఆమె. ఈ ఆదివారం కాంటొనీస్‌లోనే మళ్లీ చూస్తాం. తమ్ముణ్ని కూడా కూర్చోబెడతాను.