వసంతం వచ్చినా చలి వదలట్లేదు, టమాటా నారు దక్కుతుందా?

అందరికీ నమస్కారం. చలి పోయిందనుకుని దుప్పట్లు ఉతికి అటకెక్కించాను, టమాటా, మిరప నారు బయట కుండీల్లో నాటేశాను. తొందరపడ్డాను. పది రోజులుగా రాత్రిళ్లు 2, 3 డిగ్రీలకు పడిపోతోంది. నిన్నైతే తెల్లారేసరికి గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది.

టమాటా ఆకుల అడుగుభాగం ఊదారంగుకి తిరిగింది. మట్టి చల్లగా ఉంటే వేళ్లు ఫాస్ఫరస్‌ని సరిగ్గా తీసుకోలేవని, అందుకే ఆ రంగని చదివాను. మరి ఇప్పుడు ఎరువు వేయడం దండగేనా? 10 డిగ్రీల లోపు ఈ మొక్కలు పెద్దగా ఎదగవని తెలుసు. కానీ ఎండ కాస్తే తేరుకుంటాయా, పీకేసి మళ్లీ విత్తనాలు వేసుకోవాలా? నిన్న రాత్రి ప్లాస్టిక్ షీటు కప్పాను. పొద్దున తీసి చూస్తే షీటు తగిలిన ఆకులే నల్లగా కమిలిపోయాయి! పాత దుప్పటి నయమా? (ఎలాగూ అన్నీ అటక మీంచి దించాం, మొక్కలకి ఒకటిస్తే పోయేదేం లేదు.)

ఇంకో తలనొప్పి. బయట ఆరక బట్టలు గదిలోనే ఆరేస్తున్నాం. పొద్దున్నే కిటికీ అద్దం మీంచి నీళ్లు కారుతున్నాయి, గోడ మూలన నల్ల మచ్చలు మొదలయ్యాయి. కిటికీ తీస్తే వణుకు, మూస్తే బూజు. రోజుకి ఎంతసేపు తెరిస్తే సరిపోతుంది?

ముందు మొక్కల సంగతి చెప్పండి, ఈ రాత్రికే కావాలి.