థాకరే ఇంటిపేరు యార్క్‌షైర్‌దా, బొంబాయిదా?

లీడ్స్_శీను:
అందరికీ నమస్కారం. ఇంటిపేర్ల మీద ఇక్కడ చాలా చర్చలు చదివాను, అందుకే అడుగుతున్నా. నేను ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉంటాను. మా టీమ్‌లోకి కొత్తగా ఒకాయన వచ్చారు. యాభై దాటిన మనిషి, పుట్టి పెరిగింది ఇక్కడే. మెడలో బ్యాడ్జి మీద ఇంటిపేరు చూడగానే నాకు బొంబాయి గుర్తొచ్చింది. నోటికొచ్చినట్టు "థాకరే గారూ" అనేశాను. ఆయన పెద్దగా నవ్వి "థాక్రి" అని సరిదిద్దారు. ఆయన స్పెల్లింగ్‌లో 'కె' తర్వాత 'ఇ' లేదు, నేరుగా ఆర్, ఏ, వై. అంతటితో వదల్లేదు. "మా ఇంటిపేరు వాళ్లు మీ దేశంలో పెద్ద రాజకీయ నాయకులట కదా, వాళ్లు ఇక్కణ్ణుంచి వెళ్లారా, మేం అక్కణ్ణుంచి వచ్చామా?" అని అడిగారు. నేను తెల్లమొహం వేశాను. తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి_గాలి:
చుట్టాలేమో, ఎందుకైనా మంచిది మర్యాదగా ఉండు శీనన్నా 😀

కోట_బురుజు:
ఇందులో పెద్ద రహస్యమేం లేదు. కంపెనీ కాలంలో ఇక్కడికొచ్చిన దొరల్లో కొందరు మరాఠీ ఆడవాళ్లను పెళ్లి చేసుకుని ఉండిపోయారు. వాళ్ల సంతానమే. స్పెల్లింగే చెబుతోంది కదా.

పుణె_పద్మ:
అలా తేల్చేయకండి బురుజు గారూ. ఇరవై ఏళ్లుగా పుణెలో ఉంటున్నాను, ఈ మాట ఇక్కడ అంటే నవ్వుతారు. మరాఠీలో 'ఠాకరే' సొంత ఇంటిపేరు. బీజేపీ జాతీయ అధ్యక్షుడిగా చేసిన కుశభావు గారి ఇంటిపేరు కూడా దేవనాగరిలో అదే. ఇంగ్లీషులో మాత్రం ఆయన సాదాగా 'టి, హెచ్, ఏ, కె, ఆర్, ఇ' పద్ధతిలో రాసేవారు. బాల్ ఠాకరే నాన్నగారు కేశవ్ సీతారామ్ (1885–1973), ప్రబోధంకర్ అని పిలుస్తారు, గొప్ప చదువరి. నవలాకారుడు విలియం మేక్‌పీస్ థాకరే అంటే ఆయనకు అభిమానం. అందుకని ఇంగ్లీషులో తన పేరు ఆ నవలాకారుడి స్పెల్లింగ్‌లో రాసుకోవడం మొదలుపెట్టారు. ఇంగ్లండ్ నుంచి వచ్చింది అక్షరాలే, మనుషులు కాదు.

పలికే తీరు చూసినా తేడా తెలుస్తుంది. మరాఠీలో మొదట 'ఠ', చివర 'రే'. శీను గారి సహోద్యోగి 'థాక్రి' అన్నారుగా. మన పత్రికల్లో ఒకరు థాకరే, ఒకరు ఠాక్రే, ఒకరు థాక్రే అని రాసి ఇంకా గందరగోళం చేశారు.

కోట_బురుజు:
సరే, ఒప్పుకున్నా. మరి ఆ ఇంగ్లీషు వాళ్లకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

రిటైర్డ్_తెలుగు_మాస్టారు:
దీనికి నేను చెబుతాను, భాషా శాస్త్రం నా పాత జబ్బు.

ఇది ఇంగ్లీషు మాట కూడా కాదు నాయనా, వైకింగుల మాట. 866లో డేన్లు యార్క్ నగరాన్ని పట్టుకున్నాక ఆ చుట్టుపక్కల పల్లెల్లో వాళ్లు స్థిరపడ్డారు, పొలాలకీ వాగులకీ వాళ్ల మాటలే పేర్లయ్యాయి. వాళ్ల భాష పాత నోర్స్‌లో 'థాక్' అంటే ఇంటి కప్పు మీద వేసే గడ్డి, రెల్లు. 'వ్రా' అంటే మూల, మారుమూల జాగా. రెండూ కలిస్తే రెల్లు పెరిగే మూల. యార్క్‌షైర్‌లో వాష్‌బర్న్ అనే చిన్న నది లోయలో, టింబుల్ అనే ఊరి పరిధిలో ఆ పేరుతో ఒక చోటు ఉండేది. దాన్నుంచి వచ్చిన ఇంటిపేరు ఇది. అంటే మన గురజాడ, వేటూరి, కందుకూరి లాగే ఊరి పేరు ఇంటిపేరైంది.

బ్రాడ్‌ఫర్డ్ పక్కన థాక్లీ ఉంది, అందులోనూ అదే గడ్డి. ఇంగ్లీషు 'థాచ్' కూడా ఆ వేరు నుంచి మొలిచినదే. కాబట్టి మార్గరెట్ థాచర్ అత్తవారి ఇంటిపేరు, ఈ థాకరే, రెండూ ఒకే పాక మీద గడ్డి. ఆవిడది కప్పు నేసేవాడి పేరు, వీళ్లది ఆ గడ్డి పెరిగే చోటి పేరు.

మా కడప జిల్లాలో జమ్మలమడుగుకి జమ్ము పెరిగే మడుగు అని పెద్దలు అర్థం చెబుతారు. జమ్మలమడక అని ఇంటిపేరూ ఉంది. నీటి పక్కన గడ్డి మొలిస్తే చాలు, అక్కడో ఊరూ ఓ ఇంటిపేరూ పుట్టేస్తాయి.

గోదారి_గాలి:
మాస్టారూ, మరి మా రెల్లుపాకల వాళ్లందరం లండన్ పాస్‌పోర్టుకి అప్లై చేసుకోవచ్చా

లీడ్స్_శీను:
మాస్టారూ, నమస్కారం. టింబుల్ నాకు కారులో ముప్పావుగంట దూరం! ఆదివారం వెళ్లొచ్చి చెబుతా.

కర్నూలోడు_82:
శీనూ, వెళ్లేముందు ఒకటి చూసుకో. నేను పేర్ల నిఘంటువులో చదివినంతవరకూ ఆ చోటు ఇప్పుడు లేదు. ఫ్యూస్టన్ రిజర్వాయర్ కింద మునిగిపోయింది. లీడ్స్ జనానికి తాగునీళ్ల కోసం ఆ లోయలో వరసగా మూడు చెరువులు కట్టారు: లిండ్లీ వుడ్, స్విన్‌స్టీ, ఫ్యూస్టన్. మూడూ 1870లలోవే, ఫ్యూస్టన్ 1879లో పూర్తయింది. నాలుగోది, థ్రస్‌క్రాస్, 1966లో. దాని కింద వెస్ట్ ఎండ్ అనే పల్లె పోయింది. కరువొచ్చి నీళ్లు తగ్గినప్పుడు దాని మొండిగోడలు తేలతాయి.

నాకెందుకు ఇంత ఆసక్తి అంటే, మాదీ అదే కథ. మా ఇంటిపేరు ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. 1981లో ఖాళీ చేయించారు. నేను పుట్టింది ఆ మరుసటి ఏడాది, కొత్త కాలనీలో. ఊరు చూడకుండా ఊరి పేరు మోస్తున్నా.

అవధాని_ఐటీ:
అయ్యో. మా నాన్నగారి మేనత్తది కూడా అటువైపే.

డేటా_దుర్గ:
నేను మ్యాపుల వైపు నుంచి రెండు ముక్కలు చెబుతాను, ఇలాంటి పేర్లతో చాలామంది బోల్తా పడతారు.

ఇంటిపేర్ల వెబ్‌సైట్లలో 'థాకరే' అని కొడితే ప్రపంచ పటంలో మహారాష్ట్ర ఎర్రగా వెలుగుతుంది. చూసినవాడు బురుజు గారిలాగే అనుకుంటాడు (ఏమనుకోకండి అన్నా). కంప్యూటర్ చూసేది స్పెల్లింగ్‌నే. అందుకే నేటి లెక్కలు పక్కనపెట్టి 1881 జనాభా లెక్కలు పట్టుకోవాలి. అప్పటికి రైళ్లొచ్చి జనం కదిలినా, అరుదైన ఇంటిపేర్లు ఇంకా పుట్టిన తావు చుట్టూనే గుంపుగా కనిపిస్తాయి. వాలంటీర్లు ఆ లెక్కలు మొత్తం టైప్ చేసి పెట్టారు కాబట్టి వెతకడం తేలిక. ఈ పేరు అక్కడ దాదాపుగా వెస్ట్ రైడింగ్ పేరు, అంటే యార్క్‌షైర్ పడమటి భాగం. లీడ్స్ నుంచి పైకి, నిడ్ నది లోయ దాకా.

రెండోది, ఒక్క స్పెల్లింగ్‌తో వెతికితే సగం మంది జారిపోతారు. థాక్రే, థాకరే, థాక్రా, థాక్వ్రే, థాకరీ, ఇవన్నీ ఒకే పేరు. ఎన్యూమరేటర్ తలుపు దగ్గర నిలబడి చెవికి వినబడ్డట్టు రాసుకున్నాడు, ఇంట్లోవాళ్లకేమో చదువు రాదు. మన ఓటర్ లిస్టుల్లో మన పేర్లకు పట్టే గతి చూస్తున్నాంగా. 'థాక్వ్రే'లో ఉన్న ఆ 'వ' మాత్రం తప్పు కాదు, మాస్టారు చెప్పిన 'వ్రా' అక్కడ ఇంకా బతికుంది.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే చర్చి రిజిస్టర్లు. 1538లో మొదలయ్యాయి, కానీ అన్ని ఊళ్లవీ మిగల్లేదు. అంతకు ముందైతే 1379 తలపన్ను జాబితాలు. వెస్ట్ రైడింగ్‌వి అదృష్టం కొద్దీ బాగా మిగిలాయి. పుట్టుక, పెళ్లి, చావు ప్రభుత్వం నమోదు చేయడం 1837 జూలై 1 నుంచి. 1931 జనాభా లెక్కలు మాత్రం ఎవరికీ దొరకవు, కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల తీయనే లేదు.

ఆదోని_హనుమంతు:
థాకరే అంటే మా వైపు వేరే సంబంధం ఉంది, ఎవరూ చెప్పలేదు. ఆ నవలాకారుడి పెదనాన్న విలియం థాకరే దత్తమండలాల్లో మన్రో కింద పనిచేశాడు. మన్రో 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం, మా ఆదోనితో సహా, అన్నీ ఆ ఏలుబడిలోవే. శిస్తు జమీందారు ద్వారా వసూలు చేయాలా, రైతు దగ్గరే నేరుగా తీసుకోవాలా అన్న గొడవలో ఈ థాకరే 1807లో రైత్వారీ వైపు రిపోర్టు రాశాడు. మన్రోని తల్చుకుని పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు మా పెద్దలు. థాకరప్ప అని మాత్రం నేనెక్కడా వినలేదు.

ఆ ఇంట్లో అన్నదమ్ములు చాలామంది ఇండియాకే వచ్చారు. రిచ్‌మండ్ అనే ఆయన బెంగాల్‌లో ఉద్యోగి, ఆయన కొడుకే నవలాకారుడు, 1811లో కలకత్తాలో పుట్టాడు. ఇంకొకాయన సెయింట్ జాన్ థాకరే, ధార్వాడ కలెక్టరు. 1824 అక్టోబరు 23న కిత్తూరు కోట ముందు చనిపోయాడు. కిత్తూరు చెన్నమ్మ కథ తెలిసినవాళ్లకి ఆ దొర పేరు తెలిసే ఉంటుంది.

పుణె_పద్మ:
హనుమంతు గారూ, ఇది బాగుంది! కిత్తూరులో చెన్నమ్మ సేన చేతిలో పోయిన దొర ఇంటిపేరు ఇలా తిరిగి తిరిగి బొంబాయి చేరింది.

కోట_బురుజు:
అంటే థాకరేలు ఇండియాకి వచ్చారన్న నా మాట సగం నిజమే.

డేటా_దుర్గ:
వచ్చారు అన్నా. బొంబాయిలో ఉన్నవాళ్లు వాళ్లు కారు, అంతే.

అవధాని_ఐటీ:
డీఎన్ఏ టెస్టు చేస్తే ఒక్కరోజులో తేలిపోతుంది కదా, ఇంత చర్చ ఎందుకు?

డేటా_దుర్గ:
ఒక్కరోజులో తేలదు అవధాని గారూ. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది వై క్రోమోజోమ్, ఇంగ్లండ్‌లో ఇంటిపేరూ అలాగే వస్తుంది కాబట్టి రెండూ కలుస్తాయా అని లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 40 ఇంటిపేర్ల మీద చూశారు, 2009లో అచ్చయింది. స్మిత్ లాంటి పేర్లలో పోలికే లేదు, ఊరికో కమ్మరి ఉంటాడు కదా. అటెన్‌బరో లాంటి అరుదైన పేరులో మాత్రం దాదాపు 87 శాతం మందిది ఒకే రకం. అరుదైన పేరైతే ఒకే మూలపురుషుడు ఉండే అవకాశం ఎక్కువ అని అర్థం. అయినా దత్తతలు, తల్లి ఇంటిపేరు పెట్టుకోవడాలు, ఎవరూ బయటికి చెప్పుకోని సంగతులు, అన్నీ మధ్యలో ఉంటాయి. మీ సహోద్యోగిని ఇలాంటి టెస్టుకి తోయకండి శీను గారూ, ఆఫీసులో అనవసరమైన టెన్షన్.

లీడ్స్_శీను:
వెళ్లొచ్చాను. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఫ్యూస్టన్ చిన్న ఊరు, నిజానికి రోడ్డు పక్కన కొన్ని రాతి ఇళ్లు. చర్చిని ఆనుకుని ఒక హెరిటేజ్ సెంటర్ ఉంది, వాలంటీర్లు టీ, కేక్ అమ్ముతున్నారు. చర్చి వెనక నుంచి దిగితే చెరువు గట్టు. చుట్టూ చెట్లు, నీళ్లు నల్లగా, టీ డికాక్షన్ రంగులో. పీట్ నేల (కుళ్లిన నాచు, గడ్డి పేరుకున్న నేల) మీంచి వచ్చే నీళ్లు అలాగే ఉంటాయట. గట్టున కుక్కల్ని తిప్పేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు. ఊరు అనేది ఉన్న గుర్తే లేదు. ఒక వాగు వచ్చి కలిసే చోట మాత్రం నీటి అంచున మోకాలెత్తు గడ్డి గుబురుగా ఉంది. నేను ఫొటో తీశాను. అది రెల్లో కాదో నాకు తెలీదు మాస్టారూ, నేను సిటీ వాణ్ణి, తిట్టకండి.

అక్కణ్ణుంచి హ్యాంప్స్‌త్వైట్ వెళ్లాను. నవలాకారుడి పూర్వీకుల ఊరు. ఆయన ముత్తాత అక్కడ పుట్టి, చదువుకుని, చివరికి హ్యారో స్కూలుకి హెడ్‌మాస్టర్ అయ్యాడు. అంటే రెల్లు మూల నుంచి నాలుగు మైళ్లో ఐదు మైళ్లో జరిగి కొన్ని తరాలు ఆగి, అక్కడ బడి పట్టుకుని ఒక్క అంగలో లండన్ పక్కకి, తర్వాతి తరం కలకత్తాకి. మిగతావాళ్లు లీడ్స్‌లోనే ఉండిపోయారు. ఇక్కడ థాక్రే మ్యూజియం ఆఫ్ మెడిసిన్ ఉంది, పాత వర్క్‌హౌస్ (దిక్కులేని పేదల్ని ఉంచి పని చేయించే చోటు) భవనంలో. 1902లో లీడ్స్‌లో పెట్టిన మెడికల్ సామాన్ల కంపెనీ పేరు అది. చార్న్‌లీ డాక్టరు కనిపెట్టిన కృత్రిమ తుంటి కీలు తయారు చేసింది వీళ్లే. రోజూ బస్సులో దాని ముందు నుంచే వెళ్తాను, ఒక్కసారీ తట్టలేదు.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు:
శభాష్. 'త్వైట్' కూడా నోర్స్ మాటే, అడవి కొట్టి చదును చేసిన నేల. లీడ్స్‌లోనే చార్లెస్ టర్నర్ థాక్రా అనే డాక్టరు ఉండేవాడు. ఏ పనిచేసేవాడికి ఏ జబ్బు వస్తుందో చెబుతూ 1831లో పుస్తకం రాశాడు. చివర 'రా'తో రాసుకున్నాడు చూడు.

గోదారి_గాలి:
అది రెల్లు కాదు శీనన్నా, ఫొటోలో కంకులు లేవు. తుంగ లాంటిది. అయినా పాక కప్పుకోవచ్చులే.

లీడ్స్_శీను:
చివరి అప్‌డేట్. సోమవారం లంచ్‌లో మా థాక్రి గారికి అన్నీ చెప్పాను. బొంబాయి వాళ్లు చుట్టాలు కాదు, స్పెల్లింగే చుట్టం అంటే కాస్త నిరాశ పడ్డారు. చెరువు సంగతి మాత్రం ఆయనకి బొత్తిగా తెలియదు. చిన్నప్పుడు ఆ గట్టు మీద నాన్నతో చేపలు పట్టారట. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మా కర్నూలు మిత్రుడి సంగతి చెప్పాను. "ఆయన ఊరు ఇప్పుడు పూర్తిగా నీళ్ల కిందేనా?" అని అడిగారు. ఏం చెప్పమంటావు కర్నూలోడా?

కర్నూలోడు_82:
ఏప్రిల్, మేలో గుడి గోడలు, మా తాత ఇంటి అరుగు బయటికొస్తాయని చెప్పు. మిగతా రోజులు కిందే. ఆయన్ని ఎండాకాలం రమ్మను, చూపిస్తా.