మూడు ఇళ్లు నడుస్తున్నాయి, చేతిలో పైసా ఆగట్లేదు. నాలుగోది ఒప్పుకోవాలా?

నల్లగొండ_మేస్త్రి:
అందరికీ నమస్తే. మొన్నటిదాకా కూలీ కాంట్రాక్టే పట్టేవాణ్ణి, ఇప్పుడు మెటీరియల్‌తో కలిపి పడుతున్నా. నల్లగొండలో రెండు, హాలియాలో ఒకటి నడుస్తున్నాయి. ఒక ఇంటి లెక్క చెప్తా. 1,200 ఎస్ఎఫ్‌టీకి (చదరపు అడుగులకు) ఖర్చు 19 లక్షలు వేసుకుని, మీద 20 శాతం కలిపి ఎస్ఎఫ్‌టీకి 1,900 అడిగా. బేరంలో 1,750కి తెగింది. శనివారం వస్తే కూలీ డబ్బుల టెన్షన్. సిమెంటు షాపులో ఖాతా పెరుగుతోంది. ఇంకో ఇల్లు ఒప్పుకుంటే ఆ అడ్వాన్సుతో గట్టెక్కుతామని ఇంట్లో అంటున్నారు. ఏమంటారు?

మిర్యాలగూడ_కాంట్రాక్టర్:
తమ్మీ, నాలుగోది ఇప్పుడు ముట్టుకోకు. ఆ అడ్వాన్సు ఆ ఇంటి పునాదిది. దాన్ని తెచ్చి హాలియా స్లాబులో పోస్తే, రేపు ఆ పునాది కోసం ఐదో ఇల్లు వెతకాలి. మన లైన్లో పని దొరక్క మునిగినోళ్లు తక్కువ, ఇట్ల మునిగినోళ్లే ఎక్కువ.

నీ లెక్కే చూడు. 19 లక్షల మీద 20 శాతమంటే 3.80 లక్షలు. బేరంలో 150 వదిలావు, 1,200 ఎస్ఎఫ్‌టీకి అది 1.80 లక్షలు. రేటులో తగ్గింది ఎనిమిది శాతం లోపే, లాభంలో పోయింది దాదాపు సగం. ఓనరు రేటు తగ్గించమంటే నేను పని తగ్గిస్తా: సంపు వేరే, కాంపౌండ్ గోడ వేరే అంటా. సజ్జలు, మెట్లగది కొలతలోకి వస్తాయా, బేస్‌మెంట్ ఎన్ని అడుగులు, మొరం ఎవరు పోయించాలి, అన్నీ బాండ్ పేపర్ మీద ఉండాలి. "అదెంత పని అన్నా" అని చేయించుకునే పనులే మనల్ని తినేస్తయి.

అసలు సంగతి స్లాబులు. మూడూ ఒకే వారంలో పడుతున్నాయా? పడితే సెంట్రింగ్ సామాను, అంటే స్లాబు పోయడానికి కింద కట్టే రేకులు, జాకీలు, మూడు చోట్లకూ అద్దెకు తేవాలి, స్టీలూ సిమెంటూ ఒకేసారి కొనాలి. అక్కడే ఊపిరాడదు. పోశాక స్లాబును మోసే జాకీలు, ఆనుల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబుకు కనీసం ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు రోజులు ఉండాలి. అన్ని రోజులూ కింద గోడ పని సాగదు. ఒక సైటులో జాకీలు ఉన్నప్పుడు ఇంకో సైటులో గోడలు లేవాలి, అదే గుంపు అక్కడికి పోవాలి. క్యాలెండర్లో ముందు స్లాబు తేదీలు రాసుకో, మిగతా పని వాటి చుట్టూ సర్దుకుంటది. హాలియాదైతే సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదలకముందే కానియ్యి. నాట్లు పడ్డాయంటే అటువైపు ఆడకూలీలు దొరకరు.

స్లాబు పోశాక కిస్తు ఇస్తానంటే వినకు. రాడ్ కట్టడం అయిన రోజే డబ్బు చేతికి రావాలి, ఆ తర్వాతే మిల్లర్‌ను (కాంక్రీటు కలిపే మిషన్‌ను) పిలువు. చివరి కిస్తు చిన్నది ఉంచు, అదీ గృహప్రవేశానికి ముందే. పాలు పొంగాక మన ఫోన్ ఎవరూ ఎత్తరు.

జడ్చర్ల_సైట్:
స్టీలు కూడా చూసుకో అన్నా. రాడ్డు మందాన్ని ఎంఎంలో తీసుకుని, దాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తది. 12 ఎంఎం రాడ్డు 12 మీటర్లుంటే 10.67 కిలోలు. బండి దిగేటప్పుడు రాడ్లు లెక్కపెట్టి వేబ్రిడ్జి చీటీతో పోల్చు. కొద్దిగా అటూ ఇటూ ఉంటది, మరీ తేడా వస్తే దింపుకోకు.

పద్దుల_మనిషి:
పన్ను మాట ఎవరూ ఎత్తలేదు. విడి ఇంటికి వట్టి కూలీ కాంట్రాక్టు అయితే జీఎస్టీ లేదు. మెటీరియల్‌తో కలిపి పడితే 18 శాతం. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, మీ ఒక్క ఇల్లే 21 లక్షలు. రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లుతో కొన్న సిమెంటు, స్టీలు మీద కట్టిన పన్ను సర్దుకోవచ్చు. సిమెంటు మీద 28 శాతం ఉన్నది 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది. పాత రేటుతో ఎస్టిమేట్ వేసి ఉంటే మళ్లీ వేయండి.

నల్లగొండ_మేస్త్రి:
నల్లగొండవి రెండూ ఒకే వారంలో పడుతున్నాయన్నా. ఒకటి వెనక్కి జరుపుతా. నాలుగో ఇంటాయనకు దసరా దాటాక చూద్దామని చెప్పేస్తా. హాలియా ఓనరు సంపు కూడా ఇందులోనే అంటున్నాడు, రేపు కూర్చుని వేరే రేటు మాట్లాడుకుంటాం.

మిర్యాలగూడ_కాంట్రాక్టర్:
ఎన్ని లీటర్ల సంపో కూడా రాయించుకో. ఐదు వేలు అని మొదలుపెట్టి గుంత తవ్వే రోజుకు పది వేలు చేస్తారు.