బీ550 బోర్డుపై ఓవర్‌క్లాకింగ్: లోపం బోర్డుదా, మెమరీదా?

బెజవాడ ఎడిటర్:
నమస్కారం. విజయవాడ గవర్నర్‌పేటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 3600 వేగం గల 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు వాడుతున్నంత కాలం ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేసినా ఏ ఇబ్బందీ రాలేదు. ఈమధ్య అదే మోడల్ స్టిక్కులు మరో రెండు కొని 32 జీబీ చేశాను. అప్పటినుంచి రెండర్ సగంలో ఉండగా స్క్రీన్ బిగుసుకుపోవడమో, సిస్టమ్ తనంతట తానే రీస్టార్ట్ కావడమో జరుగుతోంది. మధ్యాహ్నం పూట మరీ ఎక్కువ. రిపేరుకు చూపిస్తే బోర్డు పోయింది, మార్చాల్సిందే అన్నారు. బోర్డును నేనే పరీక్షించుకునే మార్గం ఉందా? అంతా బాగుందని తేలితే అన్ని కోర్లనూ 4.6 గిగాహెర్ట్జ్ వద్ద స్థిరంగా నడపాలని ఉంది. గదిలో ఏసీ లేదు, పైన డాబా. కూలర్ ప్రాసెసర్‌తో పాటు వచ్చినదే.

అరండల్‌పేట వాసి (గుంటూరు):
బోర్డు మార్చే ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. కొత్త స్టిక్కులు వేశాకే ఇబ్బంది మొదలైందంటున్నారు కాబట్టి ముందుగా అనుమానించవలసింది మెమరీనే. ఈ ప్రాసెసర్‌కు తయారీ సంస్థ ఏఎండీ అధికారికంగా చెప్పే మెమరీ వేగం 3200, అదీ రెండు స్టిక్కులకు. నాలుగు స్లాట్లూ నిండితే అది 2933కు, డ్యూయల్ ర్యాంక్ (చిప్పులు రెండు సమూహాలుగా ఉండే) స్టిక్కులైతే 2667కు తగ్గుతుంది. అంటే 3600 పెట్టిన రోజే మీరు ఓవర్‌క్లాకింగ్‌లోకి, అంటే అధికారిక వేగాన్ని మించి నడపడంలోకి, దిగినట్టు. విడివిడిగా కొన్న జతల్లో మోడల్ నంబరు ఒకటే అయినా లోపలి చిప్పులు వేరుగా ఉండవచ్చు. పైగా నాలుగు స్టిక్కుల భారమంతా ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మీదే పడుతుంది.

బయోస్‌ను (బోర్డులోని మూల సెట్టింగులను) డిఫాల్ట్‌కు తెచ్చి, పెన్‌డ్రైవ్ నుంచి మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 బూట్ చేసి, నాలుగు పాస్‌లూ (పరీక్ష ఆవృత్తులు) పూర్తయ్యేవరకు నడపనివ్వండి. గంటల తరబడి పట్టే పని కనుక రాత్రి పెట్టి వదిలేయడం మేలు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలైనట్టే లెక్క. డిఫాల్ట్‌లోనే ఎర్రర్లు వస్తే ఒక్కో స్టిక్కునూ ప్రాసెసర్ వైపు నుంచి రెండవ స్లాటులో పెట్టి విడిగా పరీక్షించాలి. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాటులో ఫెయిలై, వేరే స్లాటులో పాసైతే అప్పుడు బోర్డును అనుమానించవచ్చు. అప్పుడు కూడా ప్రాసెసర్‌ను తీసి పిన్నులు వంగాయేమో చూడండి. ఒక్క పిన్ను వంగినా ఒక మెమరీ ఛానెల్ మొత్తం పనిచేయకపోవచ్చు. ఏఎం4లో (ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో) కూలర్‌ను నేరుగా పైకి లాగితే పేస్ట్ పట్టు వల్ల ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంటుంది. కాసేపు సిస్టమ్ నడిపి, ఆపి, వేడి మీద ఉండగానే కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి.

పటమట పీసీ:
మెమరీ సంగతి తేలాక ఓవర్‌క్లాకింగ్ గురించి ఒక మాట. 4.6 అనేది ఈ ప్రాసెసర్ తేలికపాటి పనుల్లో తానే అందుకునే గరిష్ఠ బూస్ట్. దానిని అన్ని కోర్లకూ కట్టబెట్టడం ఆ చిన్న కూలర్‌తో అయ్యే పని కాదు. పోనీ 4.3 వద్ద స్థిరం చేస్తారా, అప్పుడు బూస్ట్ ఆగిపోయి టైమ్‌లైన్ మీద చేసే చిన్న పనులు ఇప్పటికంటే నెమ్మదిస్తాయి.

వేడి విషయానికి వస్తే, గది 30 డిగ్రీలున్నప్పుడు 80 చూపే ప్రాసెసర్, రోహిణి కార్తెలో గది 40కి చేరితే అదే భారానికి దాదాపు 90 చూపుతుంది. 95 దాటకుండా అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కాబట్టి జనవరి రాత్రి పాసైన సెట్టింగును నమ్మకండి. ప్రైమ్95, ఓసీసీటీ వంటి పరీక్షలు మిట్టమధ్యాహ్నం, క్యాబినెట్ మూత వేసి నడపండి. ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్రాసెసర్‌తో పాటు వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు విద్యుత్ అందించే బోర్డు భాగం) ఉష్ణోగ్రతను కూడా గమనించండి.

నా సలహా ముందు మంచి టవర్ కూలర్, ఆ తర్వాత పీబీఓ (బూస్ట్‌ను పెంచే ఏఎండీ సదుపాయం)లోని, ప్రాసెసర్ వోల్టేజీని సర్దే కర్వ్ ఆప్టిమైజర్. నెగటివ్ 10తో మొదలుపెట్టి ఐదేసి చొప్పున దిగితే వోల్టేజీ తగ్గి, అంతే వేడికి ఎక్కువ వేగం దక్కుతుంది. అతిగా దిగితే మాత్రం సిస్టమ్ భారం మీద కాక ఖాళీగా ఉన్నప్పుడే పడిపోతుంటుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ (హార్డ్‌వేర్ లోపాలను నమోదు చేసే) ఎర్రర్లు కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి రండి. పీబీఓ వాడకం వారంటీ పరిధిలోకి రాదని ఏఎండీయే చెబుతుంది, అది మాత్రం గుర్తుంచుకోండి.

బెజవాడ ఎడిటర్:
ఇద్దరికీ ధన్యవాదాలు. డిఫాల్ట్‌లో నాలుగు స్టిక్కులూ కలిపి పాసయ్యాయి. ఎక్స్‌ఎంపీతో ఏ జతను విడిగా పెట్టినా ఎర్రర్ లేదు. నాలుగూ కలిపి 3600 పెడితే మొదటి పాస్‌లోనే ఎర్రర్లు వచ్చాయి. 3200కు తగ్గిస్తే అన్ని పాస్‌లూ శుభ్రంగా పూర్తయ్యాయి. ఇక అక్కడే ఉంచమంటారా, వోల్టేజీ పెంచి చూడమంటారా?

అరండల్‌పేట వాసి (గుంటూరు):
అక్కడే ఉంచండి. బోర్డులో లోపం లేదని ఆ ఫలితాలే చెబుతున్నాయి. వీడియో రెండర్‌కు 3200, 3600ల మధ్య తేడా స్వల్పం. 16 జీబీ చాలక డిస్క్ మీద పడే భారం తగ్గడమే మీకు అసలు లాభం. ఇక కర్వ్ ఆప్టిమైజర్ జోలికి వెళ్లేముందు ఈ 3200 మీద ఒక పెద్ద రెండర్‌ను పట్టపగలు పూర్తి చేసి చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే మళ్లీ ఎక్కడ తేడా వచ్చిందో తెలియదు.